సొంత బండి లేకుండా ఇద్దరం బతకాలి: రాజమహేంద్రవరమా, కాకినాడా, భీమవరమా?

పాదచారి

అందరికీ నమస్కారం. ప్రస్తుతం పుణేలో ఉంటున్నాం. మా ఇద్దరిదీ కర్నూలు వైపు. గోదావరి జిల్లాల్లో మాకు బంధువులు లేరు, ఊళ్లు తెలియవు. నేను బ్యాంకు ఉద్యోగిని. రాబోయే బదిలీల్లో రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం మూడింటిలో ఒకటి కోరుకోవచ్చని చెప్పారు. మూడు చోట్లా మా శాఖ ఊరి నడిబొడ్డునే ఉంది. మా ఆయన హైదరాబాదు సంస్థకు ఇంటి నుంచే పని చేస్తారు. నెలకోసారి అక్కడికి వెళ్లి రావాలి.

ఊరు ఎంచుకోవడంలో మాకు అన్నిటికంటే ముఖ్యమైనది నడక. మా ఆయనకు రేచీకటి. పగలు బాగానే తిరుగుతారు. వెలుగు తగ్గితే ముందున్న మెట్టు కూడా కనబడదు. పక్కచూపు కూడా కొంత తగ్గింది. వైద్యుల సలహా మీద బండి నడపడం మానేశారు. నాకు స్కూటరు వచ్చు. కానీ పాలు కావాలన్నా, క్షవరానికి వెళ్లాలన్నా, సాయంత్రం కాసేపు మనుషుల మధ్య ఉండాలన్నా ఆయన నేను వచ్చేదాకా ఆగడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. ఆయన ఒక్కరే బయటికి వెళ్లి, ఒక్కరే ఇంటికి రాగలిగే వీధి కావాలి. నేను కూడా బ్యాంకు నుంచి రాత్రి 8 గంటలకు నడిచి రాగలగాలి.

పిల్లలు లేరు కాబట్టి బడి దూరం చూసుకోనక్కరలేదు. రెండు పడకగదుల ఇల్లు చాలు. కొత్త అపార్టుమెంటే కావాలన్న పట్టింపు లేదు. ఫోనులో పటం చూస్తే ప్రతి పేటా దగ్గరగానే కనబడుతోంది. అక్కడ కాలు పెట్టి నడిచేవాళ్లు చెబితే తప్ప మాకు తెలియదు. దయచేసి వీధుల పేర్లతో సహా చెప్పండి.

గౌతమి గట్టు

అమ్మా, నేను రాజమండ్రిలో పుట్టి, ఇక్కడే టీచరుగా పని చేసి రిటైరయ్యాను. మీరు అడిగింది చదవగానే నాకు మొదట తోచిన పేరు దానవాయిపేట. వీధులు తిన్నగా ఉంటాయి. పార్కు ఉంది. ఆసుపత్రులు, మందుల దుకాణాలు గడపలోనే ఉన్నట్టు. పక్కనే ప్రకాశ్ నగర్ కూడా దాదాపు అదే పద్ధతిలో ఉంటుంది. రోజువారీ సరుకుల కోసం ఏ బండీ అక్కరలేదు. అయితే అన్ని ఆసుపత్రులున్న చోట రోగుల బంధువుల బండ్లు కూడా ఉంటాయి. పెద్ద వీధుల్లో ఇరువైపులా మోటారు సైకిళ్లు నిలబెట్టేసి ఉంటే నడిచేవాడు రోడ్డు మధ్యకు రావలసి వస్తుంది. అందుకని పేట పేరు చూసి సంతోషపడకుండా, ఆసుపత్రి వీధిని వదిలి లోపలి అడ్డవీధిలో ఇల్లు చూసుకోండి.

రెండోది ఇన్నీసుపేట. పాత ఊరు. ఎత్తు అరుగుల ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. మెయిన్ రోడ్డు, కోటగుమ్మం, పుష్కర ఘాట్ అన్నీ కాలినడక దూరంలో ఉంటాయి. కాని సందులు ఇరుకు. ఎదురుగా ఆటో వస్తే గోడకు ఆనుకోవలసిందే. మీ ఆయన విషయం వింటే ఆ సందులు నాకు ధైర్యం ఇవ్వడం లేదు.

మోరంపూడి, లాలాచెరువు వైపు కొత్త ఇళ్లు బాగుంటాయి, గాలి వెలుతురు ఉంటాయి. కాని అటు జాతీయ రహదారి ఉంది. కూరగాయలు తేవాలంటే ఏదో ఒక పెద్ద రోడ్డు దాటాలి, లేదా సర్వీసు ఆటో ఎక్కాలి. మీకు వద్దు.

సాయంత్రం గోదావరి గట్టు మీద నడక మా ఊరికి ఉన్న భాగ్యం. 1900లో కట్టిన హేవలాక్ వంతెన పక్కనే, 1997లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్చి వంతెన మీద రైళ్లు పోతుంటే చూస్తూ నిలబడితే రోజంతా పడ్డ అలసట పోతుంది. నేను ఇప్పటికీ వీలు దొరికితే వెళ్తాను. హైదరాబాదు ప్రయాణానికి కూడా ఇది మెయిన్ లైను స్టేషను. రాత్రి బండ్లున్నాయి, పగలు వందే భారత్ ఉంది.

సర్పవరం జంక్షన్

గౌతమి గట్టు గారి మాట కాదనను. కాని కాకినాడ గురించి ఎవరూ చెప్పకముందే మీరు నిర్ణయించుకోకూడదు.

మా ఊరు తిన్నగా గీత గీసి కట్టినట్టు ఉంటుంది. పాత కాకినాడలో చాలా వీధులు ఒకదానికొకటి అడ్డంగా, నిలువుగా కలుస్తాయి. చూపు తక్కువైనవారికి ఇది ఎంత మేలో మా నాన్నగారి చివరి సంవత్సరాల్లో చూశాను. వంకర సందులో దారి తప్పితే ఎటు తిరిగామో తెలియదు. నిలువు వీధుల్లో మూలలు లెక్క పెట్టుకుంటూ ఇంటికి వచ్చేయవచ్చు. మెట్ట, పల్లం లేవు. ఊరంతా చదును.

భానుగుడి జంక్షన్‌కు దగ్గరలో గాంధీనగర్, రామారావుపేట చూడండి. గాంధీనగర్‌లో పార్కు ఉంది. పొద్దున, సాయంత్రం అన్ని వయసుల వాళ్లూ తిరుగుతుంటారు. భానుగుడి మీదికి వస్తే కావలసిన దుకాణాలన్నీ ఉంటాయి. సినిమా రోడ్డు, మెయిన్ రోడ్డు వైపు ఇల్లు తీసుకోవద్దు. అక్కడ సరుకు దింపే బండ్లు ఎప్పుడూ ఉంటాయి. జగన్నాథపురం మంచి పేటే కాని కాలువకు అవతల ఉంది. మీ బ్యాంకు ఇవతల అయితే రోజూ వంతెన మీద బండ్ల మధ్య నడవాలి.

రైలు సంగతి కూడా చెబుతాను. హౌరా, చెన్నై మెయిన్ లైను బండ్లు చాలావరకు సామర్లకోటలో ఆగుతాయి. అది మాకు ఇబ్బందే. కాని గౌతమీ ఎక్స్‌ప్రెస్ కాకినాడ పోర్టులోనే బయలుదేరి, టౌన్ స్టేషన్ మీదుగా రాత్రంతా నడిచి లింగంపల్లి చేరుతుంది. రెండు నిమిషాలు ఆగే బండిలో చీకట్లో పెట్టె వెతుక్కునే అవస్థ లేకుండా మీ ఆయన పోర్టు స్టేషన్‌లో నిలబడి ఉన్న బండి ఎక్కవచ్చు.

కొబ్బరాకు

నాది అమలాపురం. మీ జాబితాలో మా ఊరు లేదు, మాకు రైలు కూడా లేదు కాబట్టి రమ్మని పిలవను. డెల్టాకు కొత్త కాబట్టి ఒక్క విషయం చెప్పి వెళ్తాను. ఇక్కడ ఏ ఊళ్లోనైనా ‘కాలువ గట్టు పక్కన ప్రశాంతంగా ఉంటుంది’ అని ఇల్లు చూపిస్తారు. పగలు చూస్తే మనసు పడిపోతుంది. చాలాచోట్ల రోడ్డుకూ నీళ్లకూ మధ్య పిట్టగోడ ఉండదు. రేచీకటి ఉన్న మనిషికి ఆ దారి వద్దు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు అడుగున నిలిచిన నీళ్లకు దోమలు కూడా ఎక్కువే.

రోడ్ల ఇంజనీరు

వృత్తి రీత్యా రోడ్లు, కాలిబాటలు నా పని. ఈ చర్చలో మూడు సంగతులు రాయాలనిపించింది.

మొదటిది దూరం. మామూలు నడక నిమిషానికి సుమారు 80 మీటర్లు. కూరల సంచితో, చూసుకుంటూ నడిచేవారికి 60 అనుకోండి. పాలు, కూరలు, మందులు, టిఫిను ఈ నాలుగూ 400 మీటర్ల లోపల ఉంటే ఆ ఇంటి నుంచి రోజూ నడుస్తారు. కిలోమీటరు అయితే మొదటి నెల నడుస్తారు, తరువాత ఆటో పిలుస్తారు. ఈ దూరాన్ని పటం మీద గీత గీసి కొలవకూడదు. మధ్యలో పెద్ద రోడ్డు, రైలు పట్టాలు, కాలువ ఉంటే 200 మీటర్లు కూడా దూరమే. రాజమహేంద్రవరాన్ని రైలు మార్గం చీలుస్తుంది. ఇల్లు, బ్యాంకు పట్టాలకు ఒకే పక్కన ఉన్నాయా అన్నది ముందు చూడండి. వాన పడినప్పుడు రైలు కట్ట కింది దారుల్లో నీళ్లు నిలిస్తే చుట్టు తిరిగి రావాలి.

రెండోది నీడ. ఇల్లు చూసేటప్పుడు దీన్ని ఎవరూ అడగరు. గోదావరి డెల్టా సుమారు 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదటి పక్షంలో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు మొదట్లో మళ్లీ అంతే. అప్పుడు ఏ గోడకూ నీడ ఉండదు. మిగతా పూటల్లో తేడా వీధి దిక్కును బట్టి వస్తుంది. ఉత్తర దక్షిణంగా సాగే వీధిలో పొద్దున తూర్పు వైపు ఇళ్ల నీడ, సాయంత్రం పడమటి వైపు ఇళ్ల నీడ రోడ్డు మీద పడుతుంది. ఎప్పుడూ ఒక పక్క చల్లగా నడవవచ్చు. తూర్పు పడమరలుగా సాగే వీధిలో వేసవి పొద్దున, సాయంత్రం ఎండ వీధి పొడవునా కొడుతుంది. రెండు పక్కలా నీడ ఉండదు. అటువంటి వీధిలో కానుగ, వేప, నిద్రగన్నేరు చెట్లుంటే తప్ప ఏప్రిల్, మే నెలల్లో నడక సాగదు. సముద్రపు తేమ వల్ల ఇక్కడి ఉక్క మీ కర్నూలు ఎండ లాంటిది కాదు. చెమట ఆరదు.

మూడోది కాలిబాట. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అంచు 150 మిల్లీమీటర్ల కంటే ఎత్తు ఉండకూడదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డంకులు లేని కాలిబాటను రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద పౌరుల హక్కుగా చెప్పింది. మన ఊళ్లలో కాలిబాట అంటే చాలాచోట్ల మురుగు కాలువ మీద పరిచిన పలకలే. పగలు ఆ పలకల మీద నడిచి చూడండి. కదిలేవి, విరిగినవి, అసలు లేనివి ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. మీ ఆయనకు ప్రమాదం బండ్ల కంటే వాటి వల్లే ఎక్కువ.

పాదచారి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నీడ విషయం మాకు తట్టనే లేదు. ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ ముందు వీధి దిక్కు చూస్తున్నాను.

రెండు సందేహాలు. రాజమహేంద్రవరంలో గోదావరి పొంగితే ఇళ్లలోకి నీళ్లు వస్తాయా? భీమవరం గురించి ఎవరైనా చెబుతారా? అక్కడి శాఖలో పని ఒత్తిడి తక్కువని తోటి ఉద్యోగి ఒకరు చెప్పారు. అందుకని దాన్ని ఇంకా వదల్లేదు.

గౌతమి గట్టు

గోదావరి వరద అంటే బయటివాళ్లు భయపడతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు నది మధ్య దీవుల్లోని లంక గ్రామాలు నీట మునిగి ఆ జనం పడ్డ కష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నగరానికి గట్టు రక్షణ ఉంది. మాకు వచ్చే ఇబ్బంది నది లోపలికి రావడం వల్ల కాదు, ఊరి వాన నీళ్లు బయటికి పోకపోవడం వల్ల. నది మట్టం ఎక్కువగా ఉన్న రోజునే ఊళ్లో కుండపోత వాన పడితే పల్లపు వీధుల్లో మోకాలి లోతు నిలుస్తుంది. కంబాలచెరువు పరిసరాల్లో, శ్యామలా సెంటర్ దగ్గర చూడండి. ఇల్లు చూపించే మధ్యవర్తిని అడగవద్దు. వీధి మూల ఇస్త్రీ బండి అతన్ని అడగండి. నీళ్లు ఎంతవరకు వస్తాయో అతనికి తెలుసు, ఎందుకంటే ఆ రోజు అతని పని ఆగిపోతుంది.

ఇంకొకటి. 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో ఆ పన్నెండు రోజులూ ఘాట్ల చుట్టూ పేటల్లో జనం తప్ప దారి కనబడలేదు. పుష్కరాల ముందు రోడ్లు తవ్వడం, వెడల్పు చేయడం కూడా సహజం. అది ఊరికి మంచిదే. కాని ఏ రోజు ఎక్కడ గొయ్యి ఉంటుందో తెలియని దారిలో మీ ఆయన ఒంటరిగా నడవడం గురించి ఆలోచించాలి. నా ఊరి మీద నాకెంత ప్రేమ ఉన్నా ఇది చెప్పకుండా ఉండలేను.

యనమదుర్రు

భీమవరం వాడిని. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయ్యాక ఊరు వేగంగా పెరిగింది. ఊరు పెద్దది కాదు కాబట్టి పాత ఊళ్లో ఉంటే అన్నీ నడక దూరమే. ప్రకాశం చౌక్ నుంచి ఎటు వెళ్లినా దుకాణాలే. గునుపూడిలో సోమేశ్వరస్వామి గుడి, కోనేరు చుట్టూ వాతావరణం బాగుంటుంది. భీమవరం టౌన్ నుంచి హైదరాబాదుకు నరసాపురం బండ్లున్నాయి.

అయినా మీకు నేను ఈ ఊరు చెప్పను. జె.పి. రోడ్డు లాంటి పెద్ద రోడ్ల మీద బండ్లు విపరీతం. చేపలు, రొయ్యల లారీలు ఏ వేళైనా తిరుగుతాయి. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, తాగే నీళ్ల డబ్బా కొనుక్కోవాలి. ఇవి సర్దుకుపోయేవే. సాయంత్రం తీరిగ్గా కూర్చుని నలుగురితో మాట్లాడే పార్కు, నది ఒడ్డు లాంటి చోటు నడక దూరంలో తక్కువ. ఇంట్లో కూర్చుని పని చేసే మనిషికి అది పెద్ద లోటు. శాఖలో ఒత్తిడి ఈ సంవత్సరం తక్కువ ఉండవచ్చు, మేనేజరు మారితే అదీ మారుతుంది. వీధి మారదు.

మూడో అంతస్తు

చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. పాదచారి గారూ, మీరు ‘ఆయన ఒక్కరే వెళ్లి ఒక్కరే రావాలి’ అని రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను.

నేనుండేది డెల్టాలోని ఒక పట్టణం చివర, బైపాస్ దగ్గర కట్టిన అపార్టుమెంటులో. లిఫ్టు ఉంది, జనరేటరు ఉంది, నీళ్లకు లోటు లేదు. మా వరుసలో ఉన్న ఇళ్లలో చాలావరకు కొత్త దంపతులవే. పొద్దున 9 గంటలకు భర్తలు బండి వేసుకుని వెళ్లిపోతే, ఇంట్లో ఉన్న ఆడవాళ్లు సాయంత్రం దాకా గేటు దాటడానికి కారణం ఉండదు. బైపాస్ దాటితే గానీ కొత్తిమీర కట్ట దొరకదు. కొందరికి చదువుంది, ఉద్యోగం చేయాలని ఉంది. కాని ఆటో దిగే చోటు నుంచి ఇంటి దాకా వీధి దీపాలు లేక, రాత్రి పూట ఉద్యోగాలు వదులుకున్నారు. భార్యాభర్తల మధ్య సగం చికాకులు ఇక్కడి నుంచే పుట్టడం చూస్తున్నాను. ‘రావడానికి ఎంతసేపు’ అని ఒకరు అడగడం, ‘వస్తున్నాను కదా’ అని ఇంకొకరు విసుక్కోవడం.

ఇల్లు ఎంచుకునేటప్పుడు దంపతులు కలిసి వెళ్లి చూస్తారు. కలిసి నడిస్తే ప్రతి వీధీ బాగానే ఉంటుంది. దయచేసి మీరిద్దరూ విడివిడిగా నడిచి చూడండి. మీరు ఒంటరిగా రాత్రి 8 గంటలకు బ్యాంకు నుంచి ఆ ఇంటి దాకా రండి. ఆయన ఒంటరిగా చీకటి పడే వేళ పాల దుకాణానికి వెళ్లి రావాలి. తరువాత ఇంటికి వచ్చి మాట్లాడుకోండి. ఇద్దరిలో ఎవరు భయపడినా ఆ వీధి వద్దు. అద్దె రెండు వేలు తక్కువైనా వద్దు.

కరెంటు పోయినప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో కూడా అడగండి. కొన్ని వీధుల్లో దుకాణాల ఇన్వర్టరు దీపాలు దారి చూపిస్తాయి. ఇళ్లు మాత్రమే ఉన్న వీధి పూర్తిగా చీకటైపోతుంది.

చేతి దీపం

నేను పాదచారి గారి భర్తను. ఆవిడ రాసిన దాన్ని, మీ అందరి జవాబులను నిన్న రాత్రి కూర్చుని చదివాను. ముక్కూ మొహం తెలియని నా నడక గురించి ఇంతమంది ఇంత శ్రద్ధగా ఆలోచించారు. మీ అందరికీ నమస్కారం.

మా ఆవిడకు రాజమహేంద్రవరం మీద మనసుంది. ఎందుకో నాకు తెలుసు. నేను హైదరాబాదు వెళ్లే రాత్రి మెయిన్ లైను స్టేషను దగ్గరగా ఉండాలని ఆవిడ ఆలోచన. గోదావరి కూడా ఆవిడకు ఇష్టం. తుంగభద్ర ఒడ్డున పెరిగిన మనిషి.

నాకు ఎలా కనబడుతుందో కొంచెం చెబుతాను, ఇల్లు వెతికే ఇంకెవరికైనా పనికొస్తుంది. చీకటి ఒక్కటే నాకు అడ్డు కాదు. వెలుగు, చీకటి మారి మారి వస్తే ఇంకా కష్టం. బాగా వెలిగే దుకాణం ముందు నుంచి దీపం లేని జాగాలోకి అడుగు పెడితే చాలాసేపు ఏమీ కనబడదు. అందుకని ఒకే తీరుగా, తక్కువ దూరాల్లో దీపాలున్న మామూలు వీధి నాకు వెలుగు జిలుగుల బజారు కంటే నయం. పక్కచూపు తగ్గడం వల్ల పక్క సందులో నుంచి దూసుకొచ్చే బండి తెలియదు. తిన్నని వీధి, మూల ఖాళీగా కనబడే కూడలి అయితే తల తిప్పి చూసుకోగలను. సర్పవరం జంక్షన్ గారు మూలలు లెక్కపెట్టుకోవడం గురించి రాసింది నిజం. నేను ఎప్పుడూ చేసేది అదే.

అందువల్ల నా మొగ్గు కాకినాడ వైపు. కాని బ్యాంకుకు రోజూ వెళ్లేది ఆవిడ. ఆవిడ దారి బాగుండకపోతే నాకు ఏ ఊరూ వద్దు.

పాదచారి

మీరు ఇది నాతో ఇంట్లో చెప్పలేదు! దీపాల మధ్య చీకటి గురించి ఇన్నేళ్లలో ఇంత వివరంగా నేను వినలేదు. రెండు ఊళ్లకూ వెళ్దాం. మూడో అంతస్తు గారు చెప్పినట్టు విడివిడిగానే నడుద్దాం.

సర్పవరం జంక్షన్

వచ్చేటప్పుడు చెప్పండి. నా మాటలో ఒక పక్షమే ఉండకూడదు కాబట్టి కాకినాడ లోటు కూడా రాస్తున్నాను. చదునైన ఊరు కావడం వల్ల నీళ్లు తొందరగా పారవు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వస్తే కొన్ని వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. ఒకే పేటలో పక్కపక్క వీధుల మధ్య కూడా తేడా ఉంటుంది. పాత ఇళ్ల గోడల మీద నీటి చార చూడండి. గుమ్మం ముందు ఎన్ని మెట్లు కట్టుకున్నారో చూడండి. రోడ్డు మళ్లీ మళ్లీ ఎత్తు చేయడం వల్ల వాకిలి రోడ్డు కంటే కిందికి పోయిన ఇల్లయితే వెంటనే వెనక్కి తిరగండి. ఇక్కడి భూగర్భ జలం కూడా చాలాచోట్ల ఉప్పదనమే. గోదావరి కాలువ నీళ్లను చెరువుల్లో నింపి, శుద్ధి చేసి కుళాయిలకు ఇస్తారు. ఆ కుళాయి నీళ్లు ఏ వేళకు, ఎంతసేపు వస్తాయో అడిగి తెలుసుకోండి.

రోడ్ల ఇంజనీరు

ఇల్లు చూడటానికి ఆదివారం ఒక్కటే వెళ్లి రావద్దు. ఆదివారం వీధి వేరు, పనిరోజు వీధి వేరు. బడి వదిలే సమయంలో, అంటే సాయంత్రం 4 గంటల ప్రాంతంలో ఒకసారి ఆ కూడలి దగ్గర నిలబడండి. రోడ్డు దాటడానికి ఎంతసేపు ఆగవలసి వస్తోందో గమనించండి. అర నిమిషం లోపల దాటే ఖాళీ దొరకని చోట మనుషులు ఓపిక పట్టలేక బండ్ల మధ్యకు దిగుతారు. పక్కచూపు తగ్గిన వారు అలాంటి కూడలిని రోజువారీ దారిలో పెట్టుకోకూడదు.

పాదచారి

రెండు ఊళ్లూ చూసి వచ్చాం. కొంచెం వివరంగా రాస్తాను.

రాజమహేంద్రవరంలో దానవాయిపేట లోపలి వీధి ఒకటి నాకు ఎంతో నచ్చింది. పగలు మా ఆయన కూడా హాయిగా తిరిగారు. కాని నేను బ్యాంకు నుంచి రాత్రి నడిచి వచ్చిన దారిలో ఎక్కువ భాగం బండ్ల వరుస పక్కన రోడ్డు మీదే నడవాల్సి వచ్చింది. ఆయన చీకటి పడే వేళ మందుల దుకాణానికి వెళ్లి వస్తూ ఒక ఆసుపత్రి వెలుగులో నుంచి పక్క వీధిలోకి తిరిగి అక్కడే ఆగిపోయారు. ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెట్టారు. ఆ ఊరి మనుషుల మంచితనానికి ఎన్ని నమస్కారాలు చెప్పినా చాలదు. గౌతమి గట్టు గారూ, మీరు మాతో పాటు గట్టు మీదికి వచ్చి, ఇంట్లో భోజనం పెట్టి పంపారు. మీ ఋణం తీరేది కాదు.

కాకినాడలో గాంధీనగర్ వైపు చూశాం. పార్కుకు దగ్గరలో, ఉత్తర దక్షిణంగా సాగే వీధిలో పాత రెండంతస్తుల ఇంట్లో పై వాటా దొరికింది. వీధిలో కానుగ చెట్లున్నాయి. కింద ఇంటి యజమానులు ఉంటారు. పెద్దావిడ మమ్మల్ని చూసిన వెంటనే అడిగింది, ‘బండి ఎక్కడ పెడతారు’ అని. బండి లేదంటే నమ్మలేదు. ఇస్త్రీ బండి అతన్ని అడిగాం. పెద్ద వానకు వీధి మొదట్లో నీళ్లు నిలుస్తాయి, ఈ ఇంటి దాకా రావు అన్నాడు. ఎదురింటి వాళ్లూ అదే చెప్పారు.

బ్యాంకుకు నడక ఇరవై నిమిషాలు పైనే. నేను మొదట అనుకున్న దూరం కంటే ఎక్కువ. కాని దారి పొడవునా దుకాణాలున్నాయి, రాత్రి 8 గంటలకు ఆడవాళ్లు, ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లలు నడుస్తున్నారు. ఎక్కడా అడుగు వేగం పెంచాలనిపించలేదు. ఎండాకాలంలో పొద్దున నడిచి వెళ్లి, అలసిన రోజు సర్వీసు ఆటోలో వస్తాను. మా ఆయన మాత్రం చీకటి పడ్డాక ఒక్కరే పాలు, అరటిపళ్లు కొనుక్కుని, మూలలు లెక్కపెట్టుకుంటూ నేరుగా ఇంటి గేటు దగ్గరికి వచ్చారు. దూరం నుంచి చూస్తున్నాను, పిలవలేదు. ఊరు నిర్ణయం అక్కడే అయిపోయింది. కాకినాడ కోరుకుంటూ బదిలీ దరఖాస్తు పెట్టాను.

ఒక్క చిక్కు మిగిలింది. ఇంటికీ పార్కుకూ మధ్య ఒక చోట కాలువ మీద పలక లేదు, దానికి ఎదురుగా ఉన్న స్తంభానికి దీపం వెలగడం లేదు. రెండూ ఒకే చోట. దీని గురించి ఎవరికి చెప్పాలి?

రోడ్ల ఇంజనీరు

స్తంభం మీద అంకె రాసి ఉంటుంది, దాన్ని రాసుకోండి. పగలు పలక లేని చోటు ఫోటో, రాత్రి అదే చోటు ఫోటో తీయండి. ముందు మీ వార్డు సచివాలయంలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. అర్జీలో రేచీకటి ఉన్న వ్యక్తి రోజూ నడిచే దారి అని స్పష్టంగా రాయండి. నమూనా నేను రాసి పంపుతాను.

సర్పవరం జంక్షన్

మీరు వచ్చేదాకా ఆగనక్కరలేదు. వీధి పేరు, స్తంభం అంకె నాకు పంపండి. ఈ సోమవారం నేనే వెళ్తాను.

గౌతమి గట్టు

చాలా సంతోషం. పుష్కరాలకు మా ఇంట్లో గది మీ ఇద్దరికీ. గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లోనే రండి, రాజమండ్రి స్టేషన్‌కు నేను వస్తాను.

చేతి దీపం

తప్పకుండా వస్తామండీ. స్తంభం అంకె ఇప్పుడే సర్పవరం జంక్షన్ గారికి పంపాను.